రాతిపై లేని సంవత్సరము

ఎఱ్ఱగుంట్ల నుండి చిలమకూరికి వచ్చు దారిలో, ఇరుప్రక్కల పేర్చిన నాపరాళ్ల దొంతరలను, సిమెంటు లారీలు రేపిన దుమ్ము కప్పుకొని తమ పచ్చదనమును తామే మఱచిన వేపచెట్లను చూచుచు నడచు బాటసారికి, ఈ యూరి పేరు తెలుగు వ్రాత పుట్టిన తొలిదినములలోనే రాతికెక్కినదని చెప్పిన నమ్మబుద్ధి కాదు. పొరుగుననున్న కలమళ్ళ చెన్నకేశవాలయపు శాసనమున, ఎరికల్ముత్తురాజు ధనంజయుడు రేనాటిని ఏలుచున్న కాలమును తలచిన ఆ విఱిగిన పంక్తులలో, చిఱుంబూరు అను గ్రామనామము కలదు. ఆ చిఱుంబూరు ఈ చిలమకూరేయని శాసన పరిశోధకులు గుర్తించిరి.

ఈ యూరి అగస్త్యేశ్వరుని గుడి అరుగుపై ఒకనాటి సాయంకాలము ఇద్దఱు కూర్చుండి మాటలాడుకొనుచుండగా వినుట తటస్థించినది. ఒకరు ముప్పది యేండ్లుగా ఒక దినపత్రికకు ఈ ప్రాంతపు వార్తలు పంపుచున్న విలేకరి. రెండవవాడు ఆయన మేనల్లుడు, ప్రొద్దుటూరిలో బి.కాం. ముగించి, చేతిలోని ఫోనుతోనే యూట్యూబున ఒక చానలు నడుపుచున్న యువకుడు. మామకు పల్లెటూరి విలేకరిగా తల నెఱసినది కావున అల్లుని ఈ వృత్తిలోనికి రావలదనుననియు, అల్లుడు పట్టాల మోజు గలవాడగుననియు నేను ఊహించితిని. జరిగినది తలక్రిందులు. వారు మాటలాడిన సీమ యాసకు ఇచ్చట నేను గ్రంథభాష చొక్కా తొడిగితిని. అబ్బీ, మామా అను పిలుపులను మార్చుటకు మాత్రము చేయి రాలేదు.

మామ: అబ్బీ, నిన్న నీవు కలమళ్ళ గుడిలో నిలువబడి తీసిన వీడియోను మీ అత్త చూపించినది. గొంతు బాగున్నది, తడబాటు లేదు. ఒక్క మాట అడుగుదును. ‘575వ సంవత్సరమున చెక్కిన తొలి తెలుగు శాసనము’ అంటివి. ఆ అంకె నీకు ఎక్కడ దొరకినది?

అల్లుడు: ఎక్కడ దొరకుటేమి మామా? అందఱును వ్రాయునదే. మీ పత్రికలోనే ఎన్నిసార్లు అచ్చయినదో!

మామ: రాతి మీద ఉన్నదా?

అల్లుడు: ఉండకపోవునా?

మామ: లేదు. ఆ రాతి మీద ఏ శకమును లేదు, ఏ సంవత్సరమును లేదు. ఎవరు ఏలుచున్నారో ఉన్నది, ఏ నాడో ఉన్నది, మన యూరి పేరున్నది. ఎప్పుడు అన్నది లేదు. చివరి పంక్తులు చెడిపోయినవి కాబట్టి ఏమి జరిగినదో కూడ పూర్తిగా తెలియదు. విలేకరి పంపిన వార్తయే అయియుండిన డెస్కువారు మఱుదినము ఫోను చేసి ‘ఎప్పుడు జరిగినదయ్యా?’ అని కేకలు వేసియుందురు. అందుచేతనే చెప్పుచున్నాను, కడపకు పోయి యోగి వేమన విశ్వవిద్యాలయమున జర్నలిజము చదువుము.

అల్లుడు: ఒక్క సంవత్సరము తప్పు చెప్పినందుకు రెండు సంవత్సరముల శిక్షయా! నీవు చదివితివా మామా? బందరులో కృష్ణా పత్రికను 1907 నుండి 1945లో కన్నుమూయువఱకు నడిపిన ముట్నూరి కృష్ణారావు గారికి జర్నలిజములో ఏ పట్టా ఉన్నది? 1908లో ఆంధ్రపత్రికను వారపత్రికగా స్థాపించి 1914లో మద్రాసున దానిని దినపత్రిక చేసిన కాశీనాథుని నాగేశ్వరరావు గారు అమృతాంజనము అమ్మినవారే కాని పత్రికారచన పాఠములు విన్నవారు కారు. అంత దూరమేల, మన పులివెందుల సీమలోని పైడిపాలెమున పుట్టిన రాచమల్లు రామచంద్రారెడ్డి (రారా) గారు గిండీలో ఇంజనీరింగు చదువబోయి అది నడుమనే విడిచి వచ్చినవారు. కడప నుండి ‘సంవేదన’ పత్రికను వెలువరించి, పేరుమోసిన రచయితలు కూడ తమ పుస్తకము రారా కంట పడునేమోయని జంకునట్లు చేసినవారికి ఆ కలముపట్టు ఏ తరగతిగది ఇచ్చినది?

మామ: పేర్లు బాగుగానే పోగుచేసితివి. కాని ముట్నూరి వారి కార్యాలయము వట్టి కార్యాలయమనుకొంటివా? సాయంకాలము అచ్చట దర్బారు జరుగుచుండెడిది. కవులు, చిత్రకారులు, గాయకులు, దేశభక్తులు కూడి గంటలకొలది చర్చించుచుండిరి. అందొక మూల కూర్చుండిన కుఱ్ఱవాడు ఏమి వ్రాయవలెనో, దానికంటె ముఖ్యముగ ఏమి వ్రాయరాదో వినియే నేర్చెడివాడు. అదియొక విశ్వవిద్యాలయమే, ఫీజు లేదు, పట్టా లేదు, అంతే భేదము. నేను విలేకరినైన దినమున నాకేమి దర్బారు దొరకినదో చెప్పుమందువా?

అల్లుడు: చెప్పుము. ఎన్నిమాఱులు విన్నను విసుగురాని కథ అదొక్కటే నీ యొద్ద ఉన్నది.

మామ: ఒక గుర్తింపు కార్డు, ఒక రశీదు పుస్తకము. కార్డు వార్తలకు, రశీదు పుస్తకము ప్రకటనలకు. వార్త వ్రాసి, కవరులో పెట్టి, అంటించి, కడపకు పోవు బస్సు డ్రైవరు చేతిలో పెట్టెడివాడను. వాన వచ్చిన కవరు తడియును, బస్సు చెడిన వార్త చచ్చును. అచ్చయిన వార్తలను మీ అత్త కత్తెరతో కత్తిరించి, తెల్లకాగితముపై అంటించి, స్కేలుపెట్టి కొలిచి నెలాఖరున పంపెడిది. లైనుకింతయని లెక్కగట్టి డబ్బు వచ్చెడిది. ఆ డబ్బుతో పెట్రోలు ఖర్చు కూడ వెళ్లెడిది కాదు. వెళ్లవలెననిన ఆగస్టు 15కు, ఉగాదికి, నాయకుని పుట్టినరోజునకు శుభాకాంక్షల ప్రకటనలు తేవలెను, వాటిమీద కమీషను. ప్రకటన ఎవరినడుగుదును? సర్పంచి నడుగుదును, కంట్రాక్టరు నడుగుదును. వాడు వేసిన రోడ్డు మొదటి వానకే కొట్టుకొనిపోయినప్పుడు వార్త ఎవరిమీద వ్రాయవలెను? ఒక చేతిలో రశీదు పుస్తకము పట్టుకొని రెండవ చేతితో వ్రాసినవానికి కలము ఎంత బరువగునో, అబ్బీ, ఫోనులో మాటలాడు నీకు తెలియదు.

అల్లుడు: ఈ మాట నా పక్షమున చెప్పినదేకదా! విశ్వవిద్యాలయమున చదివివచ్చిన నాకు మాత్రము రశీదు పుస్తకము ఈయరా? పట్టా చూచి లైనుకు రూపాయి ఎక్కువ కొలుతురా? 2020లో కరోనా వచ్చినప్పుడు జిల్లా సంచికలు చిక్కి ప్రధాన సంచికలో కలిసిపోయినవి. ఎందఱో ఇండ్లకు పోయిరి. వారిలో చదివినవారు లేరా? మునిగిపోవు ఓడలో ఉద్యోగమునకై ఈత నేర్పు కళాశాలలో చేరుమని చెప్పుచున్నావు.

మామ: ఓడ మునుగునప్పుడు ఈత వచ్చినవాడే నయము గదా!

(ఈ మాటకు ఇద్దఱును నవ్విరి. ఉపమానము అల్లునిదే అయినను దానివలన లాభము మామకు కలిగినది.)

అల్లుడు: సరే, శిక్షణ కావలెననే ఒప్పుకొందును. పత్రికలవారే పాఠశాలలు పెట్టియున్నారు గదా. ఈనాడు జర్నలిజము పాఠశాల ఉన్నది. అచ్చట చేర్చుకొని, నెలనెల భృతి యిచ్చి, వార్త ఎట్లు వ్రాయవలెనో, శీర్షిక ఎట్లు కట్టవలెనో చేయి పట్టి నేర్పి, పనిలో పెట్టుదురు. విశ్వవిద్యాలయమున ఏమి నేర్పుదురు? మన సీనియరు ఒకడు తన నోటుపుస్తకము చూపించినాడు. అన్నియు పెట్టెలు, బాణములు. ఎవరు, ఏమి, ఏ మార్గమున, ఎవరికి, ఏ ఫలముతో చెప్పిరి అని లాస్‌వెల్ అను అమెరికా పండితుడు 1948లో చెప్పెనట. దానిని కంఠస్థము చేసినంతనే మన పంచాయతి కార్యదర్శి చిట్టా తీసి చూపించునా?

మామ: చూపింపడు. కాని 2005లో వచ్చిన సమాచారహక్కు చట్టము క్రింద అడిగిన ముప్పది దినములలో సమాధానము ఈయవలెనని, గ్రామస్థాయిలో ఆ దరఖాస్తునకు రుసుము కూడ లేదని తెలిసినవాడు అడిగిన చూపించును. ఆ సంగతి నాకు చట్టము వచ్చిన ఎనిమిదేండ్లకు తెలిసినది. అదియు ఒక భూమి తగాదాలో చిక్కిన రైతు నా యొద్దకు దరఖాస్తు నకలు తెచ్చి చూపించుటచేత. విలేకరికి రైతు చట్టము నేర్పినాడు! ఇక నీవు చెప్పిన పాఠశాల మాట. దానికి ప్రధానాచార్యులుగా ఉండి, ఒక తరము విలేకరుల తెలుగును సరిదిద్దిన బూదరాజు రాధాకృష్ణ గారు ఎవరో తెలియునా?

అల్లుడు: వ్యవహార పదకోశము కూర్చినవారు.

మామ: అంతకు ముందు? వారు భాషాశాస్త్రవేత్త. నన్నయకు పూర్వపు తెలుగు శాసనముల భాషను పరిశోధించి గ్రంథములు వ్రాసినవారు. నీవు నిన్న ఏ రాతి ముందు నిలువబడితివో అటువంటి రాళ్లను అక్షరమక్షరముగా చదివిన విశ్వవిద్యాలయపు పండితుడు పోయి పత్రికవారికి పాఠము చెప్పినాడు. పత్రికల పాఠశాల పాలివ్వలేదనను. ఆ ఆవు మేసిన మేత ఎచ్చటిదో చూడుమనుచున్నాను. మఱియొకటి. పత్రిక పెట్టిన పాఠశాలలో ఆ పత్రిక శైలి వచ్చును, ఆ పత్రిక పదకోశము వచ్చును. ఆ యజమాని ఎవరిని చూచి నవ్వునో, ఎవరిని చూచి ముఖము ముడుచునో అదియు చెప్పకయే వచ్చును. తెలుగునాట ఏ పత్రిక ఏ పార్టీ గడపలో చెప్పులు విడుచునో మన టీ దుకాణమువానికి కూడ తెలియును.

అల్లుడు: విశ్వవిద్యాలయము మాత్రము ప్రభుత్వపు గడపలో చెప్పులు విడువదా? ఉపకులపతిని నియమించువారెవరు? అచ్చటి విద్యార్థి తన విశ్వవిద్యాలయపు వసతిగృహములోని పురుగుల అన్నమును గూర్చి తన ప్రయోగపత్రికలో వ్రాయగలడా?

మామ: (కొంత తడవు మాటలాడక) అది నిజమే. దానికి నా యొద్ద సమాధానము లేదు.

అల్లుడు: ఇంకొకటి. 2009 ఎన్నికలలో డబ్బు పుచ్చుకొని వార్తలుగా అచ్చువేసిన బాగోతమును చేసినది పల్లెటూరి చదువురాని విలేకరులా? పైన గదులలో కూర్చుండి ధరలపట్టికలు వేసినవారందఱు పెద్ద చదువులవారే.

మామ: ఔను. ఆ బాగోతమును వెల్లడిచేయుటకు మొదట నడుము కట్టినదెవరు? మన రాష్ట్రపు పాత్రికేయ సంఘమువారే. ప్రెస్ కౌన్సిల్ వేసిన ఉపసంఘమున కూర్చుండి 2010లో ఆ నివేదిక వ్రాసినవారిద్దఱిలో ఒకరు మన తెలుగు జర్నలిస్టు కె. శ్రీనివాస్ రెడ్డి గారు. రెండవవారు పరంజయ్ గుహా ఠాకుర్తా. పేర్లు పెట్టి వ్రాసిన ఆ నివేదికను కౌన్సిలు అటకకెక్కించినది. కేంద్ర సమాచార కమిషను చెప్పిన పిమ్మటగాని 2011లో అది బయటికి రాలేదు. చదువు మనిషిని సత్యవంతుని చేయునని నేనెన్నడును అనలేదు, అబ్బీ. చేసిన తప్పును పట్టుకొనుటకు కూడ చదువే కావలెననుచున్నాను.

అల్లుడు: మఱి 2013లో ప్రెస్ కౌన్సిల్ అధ్యక్షుడు మార్కండేయ కట్జూ గారు విలేకరులకు కనీస విద్యార్హత నిర్ణయింపవలెనని సంఘము వేసినప్పుడు మంచము మీద నుండి లేచి కూర్చుండి తిట్టినది నీవు కాదా? నాకు బాగా జ్ఞాపకమున్నది.

మామ: ఇప్పుడును తిట్టుదును. పట్టా లేనివాడు వ్రాయరాదను శాసనము వచ్చిన, రేపు ఊరిలో జరిగిన అన్యాయమును చెప్పుటకు ఏ కూలిమనిషియు నోరెత్తరాదు. చదివినవానికి తలుపు తెఱచుట వేఱు, చదువనివానికి తలుపు మూయుట వేఱు. ఈ రెండును ఒక్కటేయని అనుకొనుటచేతనే ఈ వాదము ఎనుబది యేండ్లుగా తెగక సాగుచున్నది. హైదరాబాదున ఉస్మానియాలో జర్నలిజము శాఖను 1954లో తెఱచినప్పుడును, అంతకు పూర్వము 1941లో లాహోరున పంజాబు విశ్వవిద్యాలయమునందు పి. పి. సింగు గారు పాఠములు మొదలుపెట్టినప్పుడును పత్రికలవారు నవ్వినవారే. వార్తను ముక్కు పసిగట్టవలెను గాని పుస్తకము కాదనిరి. అమెరికాలో పులిట్జరు సంగతి విన్నావా?

అల్లుడు: బహుమానములవాడు.

మామ: వాడు ఏ విశ్వవిద్యాలయము గడప తొక్కినవాడు కాడు. హంగేరీ నుండి పొట్టచేతపట్టుకొని వచ్చి, వార్తలు వ్రాసి, పత్రికలు కొని కోటీశ్వరుడైనాడు. నీ పద్ధతిని చూచిన అతడు నీ పక్షమున సాక్ష్యము చెప్పవలెను. కాని కొలంబియా విశ్వవిద్యాలయమునకు ఇరువది లక్షల డాలర్లు ఇచ్చి, ఈ విద్యను నేర్పి తీరవలెనన్నాడు. 1911లో అతడు చచ్చినాడు, 1912లో పాఠశాల తెఱచిరి. తనకు లేనిదాని విలువ తనకు తెలిసినంతగా ఇతరులకు తెలియదు. నాకును అంతే, డాలర్లు లేవు, అంతే భేదము.

అల్లుడు: నీకేమి తక్కువైనది మామా? ముప్పది యేండ్లు వ్రాసితివి. ఎస్.ఐ. మొదలు ఎమ్మెల్యే వఱకు నీ పేరు తెలియనివాడు లేడు.

మామ: తక్కువైనదేమో చెప్పెదను. నీవప్పుడు చిన్నవాడవు. ఒకనాటి సాయంకాలము ఒక నాపరాతి గనిలో గోడ విఱిగిపడి ఒక కూలి చనిపోయినాడని ఫోను వచ్చినది. ఎడిషను వేళ మించుచున్నది. చెప్పినవాడు పేరు చెప్పినాడు. ఆ పేరుగలవాడొకడు నాకు తెలిసినవాడు; వాడును గనిలో పనివాడే. తండ్రిపేరు, ఊరు నేనే చేర్చి పంపితిని. తెల్లవారినది. అదే పేరుగలవారు ఇద్దఱున్నారు, అబ్బీ. బ్రదికియున్నవాని ఇంటికి చుట్టములు ఏడ్చుచు వచ్చిరి. వాడు పండ్లపుల్ల నోటనుంచుకొని తలుపు తీసినాడు. ఊరంతయు నవ్వినది. నేనును నవ్వితిని. మధ్యాహ్నమునకు తెలిసినది. చనిపోయినవాని మేనమామలు పొరుగూర నుండిరట. పత్రికలో వేఱొకని ఊరు చూచి తమవాడు కాడని ఊరకుండిరట. పోస్టుమార్టము దగ్గఱ ఆ తల్లి ఒంటరిగా కూర్చుండియున్నది. సవరణ వేసితిమి. మూడు లైనులు. వాటికి కూడ లెక్కగట్టి డబ్బు పంపిరి.

అల్లుడు: (మెల్లగా) రెండవ మనిషిని అడుగవలసినది.

మామ: ఔను. ఇప్పుడు తెలియును.

అల్లుడు: కాని మామా, రెండవవానిని అడుగుమని చెప్పుటకు విశ్వవిద్యాలయము కావలెనా? అవ్వ చెప్పదా?

మామ: అవ్వ చెప్పును. చెప్పిన మాట చేతికి అలవాటు కావలయుననిన నూఱుమాఱులు తప్పవలెను. ఆ నూఱుమాఱులు ఎక్కడ తప్పుదువు? వైద్యము చదువువాడు మొదట శవమును కోసి నేర్చుకొనును. మేము బ్రదికినవారిని కోసి నేర్చుకొంటిమి. ఆ రెండేండ్లలో నీవు వ్రాసిన తప్పుడు వార్త గురువు బల్లమీద ఎఱ్ఱసిరాతో ఆగిపోవును. ఎవని ఇంటికిని చుట్టములు ఏడ్చుచు రారు. నేను ఆ చదువును గూర్చి కోరునది ఇంతే. తక్కినది, ఆ పెట్టెలును బాణములును, పరీక్షకు చదివి మఱచిపొమ్ము.

అల్లుడు: గురువు ఏనాడును వార్త వ్రాసినవాడు కాకున్న? కొన్నిచోట్ల శాఖకు ఉన్నది ఇద్దఱు ముగ్గురు అధ్యాపకులే. కెమెరా ఉన్న గదికి తాళము ఉండును, తాళపుచెవి ఉన్నవాడు సెలవులో ఉండును అని చెప్పుకొందురు. ఫీజు, కడపలో గది అద్దె, రెండేండ్ల తిండి. ఆ డబ్బుతో నేనొక మంచి మైకు, ఒక లైటు కొని ఈ మండలమంతయు తిరుగగలను. నేను చెప్పినది వేలమంది వినుచున్నారు మామా. నీ పత్రిక ఈ యూరికి ఎన్ని ప్రతులు వచ్చుచున్నది?

మామ: అది అడుగకుము. ప్రతులు తగ్గినవని నీకు తెలిసియే అడుగుచున్నావు. వేలమంది వినుచున్నారు కాబట్టియే భయము. నా తప్పును ఒక జిల్లా చదివినది, మఱునాడు ఆ కాగితములో బజ్జీలు కట్టుకొన్నది. నీ తప్పు అట్లు పోవునది కాదు.

(పశ్చిమమున పొద్దు వ్రాలినది. గుడిగోడల మీద వెలుతురు ఏటవాలుగా పడి, అంతవఱకు నున్నగ కనబడిన రాతిమీద గీతలు, గుంటలు ఒక్కటొక్కటిగా పైకి తేలినవి. మామ లేచి రాతి దగ్గఱకు పోయి చేయి వైచెను.)

మామ: ఈ వేళలోనే చూడవలెను. మధ్యాహ్నపు టెండలో ఏమియు కనబడదు. కొన్నేండ్ల క్రిందట శాసనములు చదువు పెద్దమనిషి ఒకాయన ఇటు వచ్చినాడు. రాతిని నీటితో కడిగి, తడికాగితము పఱచి, గట్టి కుంచెతో అరగంట సేపు చిన్నచిన్నగ కొట్టినాడు. కాగితము గుంటలలోనికి దిగినది. దానిమీద గుడ్డమూటతో నల్లసిరా అద్దినాడు. అక్షరములు తెల్లగ నిలిచినవి. ప్రక్కన నిలువబడి చూచి, అలవాటు ప్రకారము, కలమళ్ళ రాతికి 575 అందురు గదా అని అడిగితిని. ఆయన కుంచె ఆపలేదు. రాతిమీద సంవత్సరము లేదండి అన్నాడు. అక్షరముల వాలకము చూచి ఆఱవ శతాబ్దపు చివరిభాగమని నీలకంఠశాస్త్రి గారు, వెంకటరామయ్య గారు నిర్ణయించిరని, పత్రికలవారే దానికి జన్మదినపత్రము వ్రాసిరని నవ్వినాడు.

అల్లుడు: ఆ సంగతి వ్రాసితివా?

మామ: వ్రాసితిని. ‘సుమారు’ అని పెట్టితిని. డెస్కులో సుమారు ఎగిరిపోయినది. మఱుసటి పర్యాయము నేనే పెట్టలేదు.

అల్లుడు ఫోను తీసెను. నిన్నటి వీడియోను మొదటినుండి నడిపి, 575 అను మాట వచ్చుచోట ఆపి, దానిని ముందునకు వెనుకకు జరిపి కొంతసేపు చూచెను.

అల్లుడు: ఇచ్చట కత్తిరించి మరల చెప్పెదను. ఏమని చెప్పవలెను? అక్షరముల వాలకము చూచి కాలము ఎట్లు తెలిసినదని చూచువారు అడిగినయెడల?

మామ: నాకు తెలియదు అబ్బీ.

గుడిముందర లారీ యొకటి ఆగి, డ్రైవరు దిగి బోరింగు దగ్గఱ కాళ్లు కడుగుకొనుచుండెను. అల్లుడు రాతి ప్రక్కన గొంతుకూర్చుండి ఫోను దీపమును వెలిగించి, దానిని ముందు నిట్టనిలువుగ పట్టి, ఏమియు కనబడకపోవుటచే మెల్లగ ప్రక్కకు వాల్చి చూచుచుండగా, కడపకు ఉదయమున పోవు మొదటి బస్సు ఎఱ్ఱగుంట్లలో ఎన్ని గంటలకని, తలయెత్తకయే, మామను అడిగెను.